పద్దుల పుస్తకంలో పన్ను నొప్పి

(హైదరాబాద్ నల్లకుంటలో, మా కాలనీ ఆడవాళ్ళ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దవాళ్ళకి, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వచ్చిన అమ్మాయిలకి, మైకు సరిచేసి పెట్టిన తమ్ముడికి కూడా నమస్కారం.

ఇదిగో, ఈ పుస్తకం తెచ్చాను. మా ఇంటి పద్దుల పుస్తకం. ముప్పై మూడేళ్ళు పోస్టాఫీసు కౌంటర్‌లో కూర్చున్నదాన్ని కదా, రోజూ రాత్రి ఖర్చు రాసుకోవడం అలవాటైపోయింది. పాలు, కూరలు, గ్యాసు, మందులు, ఆటో అన్నీ ఇందులో ఉంటాయి. ఈరోజు నేను మాట్లాడేది పళ్ళ గురించి. దానికి పద్దుల పుస్తకం ఎందుకంటే, నా పన్ను పాడవుతోందని ఏ ఎక్స్‌రే కన్నా ముందు ఈ పుస్తకమే చెప్పింది. రాసింది నేనే అయినా, చదవాల్సిన సమయంలో చదవలేదు.

కిందటి సంక్రాంతికి కరీంనగర్ నుంచి మా వదిన సకినాలు పంపింది. నువ్వులు, వాము దట్టించి చేత్తో చుట్టినవి. సాయంత్రం చాయ్ పెట్టుకుని కూర్చున్నాను. రెండో సకినం కొరికేసరికి ఎడమవైపు కింది దవడలో టక్కుమని శబ్దం వచ్చింది. నొప్పి తర్వాత వచ్చింది, ముందు వచ్చింది శబ్దమే. నాలుకతో తడిమితే పన్ను అంచు బ్లేడులా తగిలింది. అరచేతిలోకి ఉమ్మితే నానిన పిండిలో తెల్లగా ఒక చిన్న పెంకు కనిపించింది. కడిగి లైటు కింద పెట్టి చూశాను. పైన చక్కగా నున్నగా ఉంది. వెనక్కి తిప్పితే నల్లగా ఉంది, గోటితో గీకితే లేచొచ్చేంత మెత్తగా ఉంది. అంటే పన్ను సకినానికి విరిగింది కాదు. లోపల ఎప్పుడో గుల్లయింది, పై పెంకు ఒక్కటే నిలబడి ఉంది.

ఆ రాత్రి పుస్తకం తీసి వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాను. పద్నాలుగు నెలల కిందట, నవంబర్‌లో ఉంది: సెన్సిటివ్ పేస్టు, 220. చల్లటి నీళ్ళు తాగితే పన్ను జివ్వుమంటోందని కొన్నది. డిసెంబర్‌లో లవంగ నూనె, 60. ఫిబ్రవరిలో మౌత్‌వాష్, ఏప్రిల్‌లో ఇంకో కంపెనీ పేస్టు, జూన్‌లో మెత్తటి బ్రష్షులు రెండు, ఆగస్టులో చిగుళ్ళకు రాసే జెల్. అక్టోబర్‌లో మళ్ళీ పేస్టు, దానితోపాటు నొప్పి మాత్రలు. అన్నీ కూడితే 1,490 రూపాయలు. ఈ పద్నాలుగు నెలల్లో డాక్టర్ ఫీజు అన్న పద్దు ఒక్కటి కూడా లేదు.

తర్వాత నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ చెప్పింది: "ఆంటీ, మొదట్లో జివ్వుమన్నప్పుడే వచ్చుంటే పన్నెండు వందల్లో ఫిల్లింగ్‌తో అయిపోయేది." చివరికి రూట్ కెనాల్‌కి 4,500, పైన క్యాప్‌కి 6,000 అయ్యాయి. డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఒకే పన్ను కోసం నేను పద్నాలుగు నెలలు షాపులకు తిరిగాను, డాక్టర్ దగ్గర వైద్యం మాత్రం చేయించుకోలేదు. ఎందుకు చేయించుకోలేదో మీతో చెప్పాలనే వచ్చాను, ఇక్కడ చాలామంది పరిస్థితి అదేనని నాకు తెలుసు.

నాకు ఏడేళ్ళప్పుడు మా నాన్నకి పన్ను పీకడం గుమ్మంలో నిలబడి చూశాను. ఊళ్ళో వైద్యం చేసే ఒకాయన ఇంటికే వచ్చాడు. మా బాబాయి వెనక నుంచి నాన్న తలని పట్టుకున్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అరిచాడు. పక్కన ఇత్తడి చెంబు, అందులో ఎర్రటి నీళ్ళు. ఇన్నేళ్ళయినా డెంటల్ క్లినిక్ బోర్డు చూస్తే నాకు ఆ చెంబే గుర్తొస్తుంది. దానికి తోడు ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు. పై పన్ను పీకిస్తే చూపు పోతుందని, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయని వింటూ పెరిగాం.

ఈ రెండు మాటలూ నిజం కావు. కంటికి చూపునిచ్చే నరం వేరు, పై పళ్ళకు వెళ్ళే నరం వేరు. పన్ను తీస్తే చూపు మీద ఏ ప్రభావమూ ఉండదు. వయసు మీద పడ్డాకే చాలామంది పళ్ళు తీయించుకుంటారు, చూపు తగ్గేదీ అప్పుడే. రెండూ కలిపి ఎవరో ముడి వేశారు. ఇక క్లీనింగ్ సంగతి. పళ్ళకు పట్టిన గార చిగురును కిందికి తోస్తుంది, లోపల ఎముకను తినేస్తుంది. అప్పటికే వదులైన పన్నును ఆ గారే సిమెంటులా పట్టి ఉంచుతుంది. అది తీసేశాక పన్ను కదిలినట్టు అనిపిస్తే, దాన్ని కదిలించింది గారే కానీ క్లీనింగ్ కాదు.

ఇంకో కారణం కూడా ఉంది. మధ్యలో, ఏప్రిల్‌లో, ధైర్యం చేసి ఒక క్లినిక్‌కి వెళ్ళాను. పేరు చెప్పను. కుర్చీలో కూర్చుని ఐదు నిమిషాలు కాలేదు, నాలుగు పళ్ళకు పని ఉందని, ఈరోజే మొదలుపెడితే డిస్కౌంట్ ఇస్తామని, రేపటికి ఆఫర్ ఉండదని చెప్పారు. ఏ పన్నుకి ఏమైందో చూపించలేదు, ఎక్స్‌రే తీయలేదు. ఆషాఢం సేల్‌లో చీర కొన్నట్టు పన్ను గురించి నిర్ణయం తీసుకోవాలా? లేచి వచ్చేశాను. రావడం సరైనదే. కానీ ఇంకో డాక్టర్‌ని వెతుక్కోకుండా ఆ రోజే దారిలో ఇంకో పేస్టు కొనుక్కున్నాను, అదీ నా తప్పు. ఏప్రిల్ పద్దు అదే.

కొనడంలో ఒక ఊరట ఉంది. డబ్బా మీద మెరిసే పన్ను బొమ్మ, "డాక్టర్లు సిఫారసు చేసేది" అన్న మాట చూసి బుట్టలో వేసుకుంటే ఏదో చేశామన్న ధైర్యం వస్తుంది. రెండు వారాలు నొప్పి కూడా తగ్గుతుంది. సెన్సిటివ్ పేస్టుల్లో పొటాషియం నైట్రేట్ లాంటివి ఉంటాయి. నరం జివ్వుమనకుండా అవి ఊరుకోబెడతాయి. చిగురు కిందికి జారి పన్ను మొదలు బయటపడ్డవాళ్ళకి అవి నిజంగా మేలు చేస్తాయి. పిప్పి పన్నుకి మాత్రం గొయ్యి గొయ్యిలాగే ఉంటుంది, మనకు తెలియకుండా లోతవుతుంది. లవంగ నూనె కూడా అంతే. అందులోని యూజెనాల్‌ని డెంటిస్టులూ వాడతారు, జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలికంగా పూడ్చడానికి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేదాకా ఓర్చుకోవడానికి అది పనికొస్తుంది. అది రాసుకుని ఏడాది గడపకూడదు. నొప్పి మాత్రని పన్ను పక్కన నొక్కి పెట్టుకునేవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. చిగురు కాలి తెల్లగా పొక్కుతుంది.

పన్ను మీది ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం, ఎముక కన్నా గట్టిది. కానీ అందులో జీవకణాలు లేవు. చర్మం తెగితే అతుక్కుంటుంది, ఎముక విరిగితే అతుకుతుంది. ఎనామెల్‌లో ఒకసారి గొయ్యి పడితే అది తనంతట తాను పూడదు.

ఇప్పుడు పుస్తకంలో ఇంకో సంగతి. పన్ను పద్దులు వెతుకుతుంటే వాటి పక్కన ఏమున్నాయో కూడా కనపడ్డాయి. బిస్కెట్లు, కేకు, చాక్లెట్, జ్యూస్ డబ్బాలు. ఒక్క అక్టోబర్ నెల లెక్కపెడితే మా ఇంటికి తీపి సరుకు 17 సార్లు వచ్చింది. మా చిన్నప్పుడు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, నెల సామాను అంటే చీటీ రాసేవాళ్ళు. అమ్మ వంటింట్లో డబ్బాలు ఒక్కొక్కటీ మూత తీసి చూసి, కందిపప్పు మూడు కిలోలు, చక్కెర రెండు కిలోలు అంటూ చెప్తుంటే నేను రాసేదాన్ని. చీటీలో లేనిది ఇంట్లోకి రాదు. చక్కెర అయిపోతే మళ్ళీ ఒకటో తారీఖే. ఇప్పుడు చీటీ లేదు. ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో అబ్బాయి గుమ్మం ముందు ఉంటాడు. కొత్తిమీర కట్ట ఒక్కటే తెప్పించుకుంటే డెలివరీ చార్జీ పడుతుందని, ఫ్రీ చేయించుకోవడానికి క్రీమ్ బిస్కెట్లు కలుపుతాం. సూపర్ మార్కెట్‌కి వెళ్ళినా అంతే. బిల్లు కౌంటర్ పక్కన చాక్లెట్ల అర ఎక్కడ పెడతారో చూశారా? సరిగ్గా ఆరేళ్ళ పిల్లవాడి కళ్ళ ఎత్తులో పెడతారు. మనం లైన్‌లో నిలబడతాం, వాడు చెయ్యి చాపుతాడు, లైన్ ఆపలేక మనం ఊఁ అంటాం.

మా మనవడికి ఆరేళ్ళు. పోయిన ఎండాకాలం వాడి నోట్లోకి టార్చ్ వేసి చూస్తే, చివరన, పాల పళ్ళన్నిటి వెనక, ఒక పెద్ద పన్ను వచ్చి ఉంది. దాని మీద గీతల్లో అప్పటికే గోధుమ రంగు. పాల పన్నే కదా, ఊడిపోతుందిలే అంది మా అమ్మాయి. నేనూ అలాగే అనుకున్నాను. డాక్టరమ్మ చెప్పాక తెలిసింది. ఆరేళ్ళ ప్రాంతంలో చివర వచ్చే ఆ దవడ పన్ను పాల పన్ను కాదు, శాశ్వత పన్ను. దానికి చోటివ్వడానికి ఏ పాల పన్నూ ఊడదు, అందుకే అది వచ్చిన సంగతి తల్లిదండ్రులకు తెలియదు. జీవితాంతం నమలాల్సిన పన్ను అది. ఈ గదిలో ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లలున్న అమ్మాయిలు ఇంటికెళ్ళగానే టార్చ్ వేసి చూడండి. గీతలు లోతుగా ఉంటే పైన సీలెంట్ అని పూత వేస్తారు, నొప్పి ఉండదు, సూది ఉండదు. పాల పళ్ళు ఊడిపోయేవేనని పుచ్చిపోనివ్వడం కూడా మంచిది కాదు. కిందనుంచి వచ్చే పన్నుకి అవి చోటు కాపాడుతుంటాయి.

తీపి గురించి నన్ను బాగా కదిలించిన కథ ఒకటుంది. 1940లలో స్వీడన్‌లో, విపెహోల్మ్ అనే చోట, మానసిక ఎదుగుదల లేనివాళ్ళను ఉంచే ఆస్పత్రిలో ఒక ప్రయోగం చేశారు. వాళ్ళను అడగకుండా, వాళ్ళకు తెలియకుండా చేశారు. కొందరికి భోజనంతోపాటు తీపి, కొందరికి భోజనాల మధ్యలో పళ్ళకు అతుక్కునే టాఫీలు పెట్టారు. మధ్యమధ్యలో టాఫీ తిన్నవాళ్ళ పళ్ళు దారుణంగా పాడయ్యాయి. చేసింది అన్యాయం. అడిగే దిక్కు లేని మనుషుల మీద చేశారని అక్కడివాళ్ళే తర్వాత తప్పుపట్టారు. మనకి ఈ రోజు తెలిసిన మాట ఆ నిస్సహాయుల పళ్ళ నుంచి వచ్చింది కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోకూడదని నాకు అనిపిస్తుంది. ఆ మాట ఏమిటంటే, ఎంత తీపి తిన్నామన్నదానికన్నా రోజులో ఎన్నిసార్లు తిన్నామన్నదే పళ్ళకు ముఖ్యం. ఆ తర్వాతే స్వీడన్‌లో పిల్లలకి వారానికి ఒక్కరోజు, శనివారం మాత్రమే మిఠాయి ఇచ్చే అలవాటు పాతుకుంది.

లోపల జరిగేది ఇది. తీపి నోట్లో పడగానే పళ్ళ మీది సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఎనామెల్‌లో ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం మెల్లగా ఆ ఆమ్లాన్ని చల్లార్చి, కరిగినదాన్ని కొంత తిరిగి నింపుతుంది. దానికి అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. పది గంటలకు చాయ్, ఉస్మానియా బిస్కెట్. పదకొండున్నరకు ఇంకో బిస్కెట్. నాలుగింటికి చాయ్, ఆరింటికి మళ్ళీ చాయ్. లాలాజలానికి కోలుకునే వేళ ఏది? అందులోనూ ఈ వయసులో మనం వేసుకునే కొన్ని మాత్రలకు నోరు ఎండిపోతుంది కూడా. ఇరానీ చాయ్ మానమని నేను అనను. హైదరాబాద్‌లో ఉండి ఆ మాట ఎలా అంటాను? కూర్చుని ఒకేసారి తాగేయండి, ముందు పెట్టుకుని గంటసేపు చప్పరించకండి. రాత్రి పళ్ళు తోముకున్నాక మాత్రం నీళ్ళు తప్ప ఏదీ వద్దు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది.

మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం మిఠాయి రోజు. మనవడు మొదటి రెండు వారాలు ఏడ్చాడు. ఇప్పుడు శనివారం రాత్రే ఏం కావాలో చీటీ రాసి ఫ్రిజ్‌కి అంటిస్తాడు. అక్షరాలు కూడా వస్తున్నాయి.

జ్యూస్ డబ్బా సంగతి ఒక్కటి చెప్తాను. మామిడిపండు బొమ్మ ఉంది కదా అని నేనే కొనిపెట్టేదాన్ని. ఒకరోజు కళ్ళజోడు పెట్టుకుని వెనక చదివాను. 100 మిల్లీలీటర్లకు 13 గ్రాముల చక్కెర. డబ్బా 200. అంటే 26 గ్రాములు, ఆరు చెంచాలు దాటింది. పెద్దవాళ్ళకే రోజు మొత్తం మీద 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, వీడు స్కూలు నుంచి రాగానే అంతా తాగేస్తున్నాడు. ఇప్పుడు నేను ఏ ప్యాకెట్ అయినా ముందు వెనకవైపే చూస్తాను. పదార్థాల పేర్లు బరువులో ఎక్కువున్నది ముందు వచ్చేలా వేస్తారు. చక్కెర మొదటిదో రెండోదో అయితే తిరిగి అరలో పెట్టేస్తాను. శంకర్ మఠం దగ్గర బండి మీద జామకాయలు వచ్చినన్నాళ్ళు వాడికి అవే.

పేస్టు కొనేటప్పుడు కూడా వెనకే చూడండి. పళ్ళు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ ఎంతో పీపీఎంలో, అంటే పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళో రాసి ఉంటుంది. మన దేశంలో 1000 దాటకూడదని నియమం. నాకు కావాల్సింది అది ఒక్కటే. బొగ్గు, ఉప్పు, తెల్లబరిచే పేస్టులకు నేను డబ్బు పెట్టను. గరుకైనవి ఎనామెల్‌నే అరగదీస్తాయి. మా అమ్మమ్మ పిడకలు కాల్చిన కచికతో తోముకునేది కదా అంటారు. అవును. అరవై ఏళ్ళకి ఆవిడ నోట్లో నాలుగు పళ్ళు మిగిలాయి, అవీ అరిగి పసుపు పచ్చగా ఉండేవి.

ఫ్లోరైడ్ అనగానే ఇక్కడ కొందరి ముఖాలు మారాయి, చూశాను. నల్లగొండ వైపువాళ్ళు. మా అత్తగారి పుట్టిల్లు కూడా మర్రిగూడ దగ్గరే. ఆవిడ ఫొటోల్లో ఎప్పుడూ పెదవులు మూసుకునే ఉంటుంది. పళ్ళ మీద గోధుమ రంగు చారలు, పెళ్ళిచూపుల్లో కూడా కొంగు అడ్డం పెట్టుకుందట. ఆ ఊళ్ళో నడుములు వంగిపోయినవాళ్ళు, కాళ్ళు వంకర పోయినవాళ్ళు నాకు తెలుసు. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అక్కడి బావుల్లో ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే పద్ధతికి వేరే దేశాల్లో కూడా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. మన జిల్లా పేరు ప్రపంచానికి అలా తెలియడం నాకు ఇప్పటికీ బాధే. అందుకని మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ అది పళ్ళు, ఎముకలు తయారయ్యే వయసు నుంచి ఏళ్ళ తరబడి కడుపులోకి వెళ్ళిన నీళ్ళతో వచ్చిన జబ్బు. పేస్టు మింగేది కాదు, ఉమ్మేసేది. మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపు గింజంత, తర్వాత ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు. పక్కన నిలబడి ఉమ్మించండి. ఇప్పటికీ బోరునీళ్ళే తాగే ఊరైతే డాక్టర్‌కి ఆ సంగతి చెప్పి అడగండి.

ఇక కుర్చీ సంగతి. రెండో డాక్టరమ్మని మా ఆడపడుచు చూపించింది. మా అమ్మాయి వయసే ఉంటుంది. ముందు ఎక్స్‌రే తీసి తెర మీద చూపించింది. తెల్లటి పన్ను మధ్యలో నల్లటి మరక, దాని కొస నరం దాకా పోయింది. ఎంత అవుతుందో కాగితం మీద రాసిచ్చి, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి ఆంటీ అంది. ఆ ఒక్క మాటకే నాకు సగం భయం పోయింది. సూది వేసేముందు చిగురు మీద జెల్ రాసింది. కొంచెం చురుక్కుమంది. తర్వాత పెదవి బరువెక్కి, నాది కానట్టు అయింది. నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను అంది. చెయ్యి గట్టిగా మూసుకుని కూర్చున్నాను, ఎత్తే పని రాలేదు. పైన లైటు వెలుగుతుంటే నేను మా నాన్న గురించే ఆలోచించాను. ఆయనకి ఈ సూది దొరికుంటే బాగుండేది.

షుగర్ ఉన్నవాళ్ళు చిగుళ్ళు చూపించుకోండి. షుగర్ పెరిగితే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగర్ అదుపులోకి రాదు. గుండె కోసం రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్‌కి ముందే చెప్పాలి, మీ అంతట మీరు ఆపకూడదు.

డబ్బు లేక ఆగిపోయినవాళ్ళు ఉంటే, అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆస్పత్రి దగ్గరే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంటావిడ నెల రోజులుగా ఎడమ బుగ్గ మీద చెయ్యి పెట్టుకునే అంట్లు తోముతోంది. నిన్న అడిగితే, లవంగం పెట్టుకున్నానమ్మా, తగ్గుతుంది అంది. అచ్చం నా నవంబర్ నెలే. బుధవారం ఆమెను నేను అక్కడికి తీసుకెళ్తున్నాను. పొద్దున ఎనిమిదింటికి శంకర్ మఠం బస్టాపులో ఉంటాం. రావాలనుకున్నవాళ్ళు రండి. ఆధార్ కార్డు తెచ్చుకోండి, బస్సులో జీరో టికెట్ ఇస్తారు. సాయంత్రం దాకా పట్టొచ్చు, నీళ్ళ సీసా, గొడుగు పెట్టుకోండి. వచ్చేవాళ్ళు వెళ్ళేముందు నాకు పేరు చెప్పండి, ఈ పుస్తకం చివరి పేజీలో రాసుకుంటాను.